పెన్షన్ మీద పన్ను కట్టే పెద్దలకు అద్దె సాయం: ఇంగ్లండ్‌లో లెక్క ఎలా వేసుకోవాలి

ఇంగ్లండ్‌లో అద్దె ఇంట్లో ఉండే మన పెద్దవాళ్ల దగ్గర హౌసింగ్ బెనిఫిట్ (అద్దె కట్టడానికి కౌన్సిల్, అంటే స్థానిక ప్రభుత్వం, ఇచ్చే సాయం) మాట ఎత్తితే చాలామంది ఒకటే అంటారు: "నా పెన్షన్‌లో పన్ను కోస్తున్నారమ్మా. పన్ను కట్టేదాన్ని, నాకెందుకిస్తారు?" అలా అనుకుని అప్లికేషన్ కూడా పెట్టరు. నేను చాలా ఏళ్లు ఇక్కడ పేరోల్‌లో, అంటే జీతాల లెక్కలు చూసే విభాగంలో, పనిచేశాను. రిటైరయ్యాక తెలుగు పెద్దవాళ్లకు ఈ ఫారాలు నింపడంలో సాయం చేస్తున్నాను. అందుకే గట్టిగా చెప్తున్నాను, పన్ను కట్టడానికీ అద్దె సాయానికీ మధ్య అడ్డుగోడ ఏమీ లేదు. పన్ను కట్టేవాళ్లకూ సాయం వస్తుంది. పైగా మీరు కట్టే పన్నును కౌన్సిల్ మీ ఆదాయంలోంచి తీసేసి, మిగిలినదాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

కింద ఇచ్చిన రేట్లన్నీ 2025-26 సంవత్సరానివి. ఏటా ఏప్రిల్‌లో అంకెలు మారతాయి, పద్ధతి మాత్రం అదే.

ముందు ఎవరికి వర్తిస్తుందో చూద్దాం. స్టేట్ పెన్షన్ (ప్రభుత్వం ఇచ్చే వృద్ధాప్య పెన్షన్) వయసు దాటి ఉండాలి. అది 2026 ఏప్రిల్ దాకా 66 ఏళ్లు, అక్కడి నుంచి 2028 దాకా మెల్లగా 67కి పెరుగుతుంది. భార్యాభర్తల్లో ఒకరికి ఆ వయసు రాకపోతే, 2019 మే 15 నుంచి కొత్తగా అడిగేవాళ్లు సాధారణంగా యూనివర్సల్ క్రెడిట్‌కే (పనిచేసే వయసువాళ్లకు ఇచ్చే ప్రభుత్వ సాయం) వెళ్లాలి. మన ఇళ్లల్లో భర్త కంటే భార్య నాలుగైదేళ్లు చిన్నది కావడం మామూలే కాబట్టి ఈ రూల్ చాలామందికి తగులుతుంది. వీసా మీద ప్రభుత్వ నిధులు వాడకూడదన్న షరతు ఉన్నవాళ్లు అసలు అప్లై చేయకూడదు, ముందు ఇమ్మిగ్రేషన్ సలహా తీసుకోవాలి. కొడుకు ఇంట్లో కొడుకుతోనే ఉంటూ అతనికి అద్దె ఇస్తున్నామన్నా సాయం రాదు.

పెన్షన్ వయసువాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. కౌన్సిల్ ఇల్లో, హౌసింగ్ అసోసియేషన్ (లాభాపేక్ష లేకుండా ఇళ్లు అద్దెకిచ్చే సంస్థ) ఇల్లో అయితే గది ఎక్కువగా ఉందని కోసే బెడ్‌రూమ్ టాక్స్ వీళ్లకు లేదు. ప్రైవేటు ఇల్లయితే మాత్రం లోకల్ హౌసింగ్ అలవెన్స్ అనే హద్దు ఉంటుంది, అద్దె అంతకు మించితే మించినది మీదే.

లెక్క మొత్తం వారానికే

కౌన్సిల్ అన్నీ వారం లెక్కన చూస్తుంది. స్టేట్ పెన్షన్ నాలుగు వారాలకోసారి వస్తుంది, దాన్ని నాలుగుతో భాగిస్తే సరిపోతుంది. కంపెనీ పెన్షన్ మాత్రం నెలకోసారి వస్తుంది. దాన్నీ నాలుగుతో భాగించేవాళ్లను చాలామందిని చూశాను. నెలకు వచ్చేదాన్ని 12తో గుణించి 52తో భాగించాలి. నెలకు 346.67 పౌండ్లు వస్తే వారానికి 80 అవుతుంది. నాలుగుతో భాగిస్తే 86.67 వస్తుంది. ఫారంలో ఆ ఆరున్నర పైచిలుకు పౌండ్లు ఎక్కువ రాస్తే మీ సాయం తగ్గిపోతుంది.

ఇప్పుడు ఒక మనిషిని తీసుకుందాం. నాకు పిన్ని వరసయ్యే ఆవిడ ఒకరున్నారు. వయసు 68, భర్త లేరు, హౌసింగ్ అసోసియేషన్ ఫ్లాట్‌లో ఒక్కరే ఉంటారు. అద్దె వారానికి 150 పౌండ్లు. పూర్తి కొత్త స్టేట్ పెన్షన్ 230.25, పనిచేసిన చోటి నుంచి పెన్షన్ 80. మొత్తం 310.25.

ఏడాదికి ఇది 16,133 పౌండ్లు. పన్ను లేని హద్దు 12,570. మిగిలిన 3,563 మీద 20 శాతం అంటే 712.60 పౌండ్ల పన్ను. వారానికి 13.70. కాబట్టి కౌన్సిల్ చూడాల్సిన ఆదాయం 310.25 కాదు, 296.55.

ప్రభుత్వం ఒక మనిషి వారానికి బతకడానికి ఇంత కావాలని ఒక మొత్తం పెట్టుకుంటుంది. ఫారాల్లో దాన్ని అప్లికబుల్ అమౌంట్ అంటారు. 2021 ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ పెన్షన్ వయసుకొచ్చిన ఒంటరి మనిషికి అది 227.10. అంతకు ముందే ఆ వయసు దాటినవాళ్లకు కొంచెం ఎక్కువ. ఆదాయం దీనికి లోపుంటే అర్హమైన అద్దె మొత్తం వస్తుంది. దాటితే, దాటిన ప్రతి పౌండుకూ 65 పెన్స్ కోస్తారు.

పిన్నికి దాటినది 69.45. అందులో 65 శాతం 45.14. అద్దె 150లోంచి అది తీసేస్తే ఆమెకు వచ్చే హౌసింగ్ బెనిఫిట్ వారానికి 104.86. పన్ను కట్టే మనిషికి, ఏడాదికి ఐదు వేల నాలుగు వందల పైచిలుకు. ఇంత డబ్బును "నాకెందుకిస్తారు" అని వదిలేసుకోవడం చూస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

అదే ఆవిడ ఫారంలో పన్నుకు ముందు ఆదాయం రాసి, పన్ను కాగితం జత చేయకపోతే? సాయం 95.95కి పడిపోతుంది. వారానికి 8.91, ఏడాదికి 463 పౌండ్ల నష్టం. అందుకే ఫారంలో పెన్షన్ గడి దగ్గర కోతకు ముందు మొత్తం, పన్ను, చేతికొచ్చినది మూడూ విడివిడిగా రాయండి. పెన్షన్ స్లిప్పు, పీ60 (ఏడాది మొత్తం పెన్షన్, పన్ను చూపించే కాగితం) తప్పకుండా పెట్టండి.

ట్యాక్స్ కోడ్ తప్పయితే అద్దె సాయమూ తప్పవుతుంది

ఇది నేను పేరోల్ మనిషిని కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను.

స్టేట్ పెన్షన్ మీద పన్ను పడుతుంది గానీ, ఇచ్చేటప్పుడు కోయరు. ఆ పన్నును కూడా మీ కంపెనీ పెన్షన్‌లోంచే లాగుతారు. అలా లాగడానికి పెన్షన్ కంపెనీకి పన్ను శాఖ ఒక కోడ్ ఇస్తుంది. పిన్ని విషయంలో 12,570లో స్టేట్ పెన్షనే 11,973 తినేస్తుంది. మిగిలింది 597. కోడ్‌లో చివరి అంకె వదిలేస్తారు, కాబట్టి ఆమె కోడ్ 59ఎల్ అని ఉండాలి.

స్లిప్పు మీద 1257ఎల్ అని ఉందనుకోండి. కంపెనీ పెన్షన్ మీద పన్నే కోయరు, 80కి 80 చేతికొస్తుంది. సంతోషమే అనిపిస్తుంది. కానీ కౌన్సిల్ ఆ 80నే ఆదాయంగా తీసుకుని సాయం తగ్గిస్తుంది, ఆ తర్వాత పన్ను శాఖ 700 పౌండ్ల పైన బిల్లు పంపుతుంది. రెండు పక్కలా దెబ్బ. బీఆర్ అని ఉంటే ఇంకో రకం ఇబ్బంది: మొత్తం 80 మీదా 20 శాతం కోస్తారు, ఏడాదికి 119 పౌండ్లు అనవసరంగా పోతాయి. అలాంటప్పుడు పన్ను శాఖకు ఫోన్ చేసి కోడ్ సరిచేయించుకోండి, సరయ్యాక కొత్త స్లిప్పు కౌన్సిల్‌కు పంపండి. సింపుల్ అసెస్‌మెంట్ పేరుతో పాత పన్ను బిల్లు వస్తే దాని కాపీ కూడా పంపి, ఈ పన్ను నా ఆదాయంలోంచి తీయండి అని రాతపూర్వకంగా అడగండి.

ఈ 12,570 హద్దు 2021 ఏప్రిల్ నుంచి కదలలేదు. పెన్షన్లు మాత్రం ఏటా పెరుగుతున్నాయి. జీవితాంతం పన్ను కట్టని పెద్దవాళ్లను కూడా ఇది పన్నులోకి లాగుతోంది, ఇది న్యాయం కాదని నా అభిప్రాయం. కానీ ఉన్న రూల్స్‌లో మన హక్కు మనం అడిగి తీసుకోవాలి.

పెన్షన్ ఫండ్‌లోంచి డబ్బు తీసేముందు

చాలామందికి పాత ఉద్యోగం తాలూకు పెన్షన్ ఫండ్ ఇంకా ముట్టుకోకుండా ఉంటుంది. "అవసరమొచ్చింది, ఒక వెయ్యి తీస్తాను" అంటారు. హౌసింగ్ బెనిఫిట్ తీసుకుంటున్న మనిషి ఆదాయంగా వెయ్యి పౌండ్లు అదనంగా తీస్తే ఏమవుతుందో చూడండి. పన్ను 200 పోతుంది. మిగిలిన 800 మీద 65 శాతం అంటే 520 అద్దె సాయంలో తగ్గుతుంది. కౌన్సిల్ టాక్స్ (కౌన్సిల్‌కు కట్టే ఇంటి పన్ను) తగ్గింపు కూడా ఉంటే, ఇంగ్లండ్‌లో పెన్షన్ వయసువాళ్లకు దానిలో కోత 20 శాతం, అంటే ఇంకో 160. చివరికి మీకు నిజంగా మిగిలేది 120 పౌండ్లు. పౌండుకు 12 పెన్స్!

అందుకని అసలు తీయకూడదని కాదు. తీయకుండా ఉంచినా కౌన్సిల్ దాన్ని చూడకుండా వదలదు. పెన్షన్ వయసు దాటాక ఆ ఫండ్‌తో యాన్యుటీ (జీవితాంతం క్రమంగా డబ్బిచ్చే పథకం) కొంటే ఎంత వచ్చేదో అంత ఆదాయం వస్తున్నట్టే లెక్క కడతారు. మీరు నిజంగా తీసేది అంతకంటే ఎక్కువైతే ఆ ఎక్కువనే తీసుకుంటారు. స్టేట్ పెన్షన్‌ను వాయిదా వేసుకున్నా ఇదే తీరు, వచ్చేదాన్ని వచ్చినట్టే చూస్తారు. కాబట్టి దాచిపెట్టడం వల్ల లాభం లేదు, ఎప్పుడు ఎంత తీస్తున్నామో ఆలోచించి తీయడంలోనే లాభం. యాభై దాటినవాళ్లకు పెన్షన్ వైజ్ అనే ఉచిత ప్రభుత్వ సలహా ఉంది. వాళ్లతో మాట్లాడేటప్పుడు "నేను హౌసింగ్ బెనిఫిట్ తీసుకుంటున్నాను" అన్న మాట మొదటే చెప్పండి.

ఒకేసారి తీసే 25 శాతం పన్ను లేని మొత్తం సంగతి వేరు. దాన్ని పొదుపు కింద చూస్తారు. పొదుపులో మొదటి 10,000 పౌండ్లను పట్టించుకోరు. ఆపైన ప్రతి 500కీ, అందులో కొంత ఉన్నా సరే, వారానికి ఒక పౌండు ఆదాయం ఉన్నట్టు కలుపుతారు. బ్యాంకులో 7,000 ఉన్న మనిషి ఫండ్‌లోంచి 6,000 తీస్తే 13,000 అవుతుంది. వారానికి 6 పౌండ్లు ఆదాయంగా కలుస్తాయి, అద్దె సాయంలో 3.90 తగ్గుతుంది. అది భరించవచ్చు. కానీ 16,000 దాటితే హౌసింగ్ బెనిఫిట్ పూర్తిగా ఆగిపోతుంది. పెన్షన్ క్రెడిట్ (తక్కువ ఆదాయం ఉన్న పెద్దలకు ప్రభుత్వం ఇచ్చే సాయం)లో గ్యారంటీ భాగం వచ్చేవాళ్లకు మాత్రమే ఈ హద్దు లేదు. సాయం కోసమని డబ్బు పిల్లల ఖాతాలోకి మార్చినా, అది ఇంకా మీ దగ్గరే ఉన్నట్టు లెక్కేయగలరు.

ఫండ్‌లోంచి మొదటిసారి తీసినప్పుడు తరచూ అత్యవసర కోడ్‌తో పన్ను ఎక్కువ కోస్తారు. కొంత భాగమే తీసి ఉంటే పీ55 ఫారంతో, మొత్తం ఖాళీ చేసి వేరే ఆదాయం కూడా ఉంటే పీ53జెడ్‌తో వెనక్కి అడగవచ్చు.

ఇండియా పెన్షన్, ఇండియా ఆస్తి

మనవాళ్లలో చాలామంది ఇక్కడికి ఆలస్యంగా వచ్చినవాళ్లు. స్టేట్ పెన్షన్ రావాలంటే కనీసం 10 ఏళ్లు, పూర్తిగా రావాలంటే సాధారణంగా 35 ఏళ్ల నేషనల్ ఇన్సూరెన్స్ (జీతంలోంచి పెన్షన్ వగైరాలకు కట్టే చందా) రికార్డు కావాలి. 14 ఏళ్లే ఉన్నవాళ్లకు వారానికి సుమారు 92 పౌండ్లు వస్తుంది. వీళ్లు హౌసింగ్ బెనిఫిట్ కంటే ముందు పెన్షన్ క్రెడిట్ అడగాలి. అది ఒంటరి మనిషి ఆదాయాన్ని 227.10 దాకా, జంటకు 346.60 దాకా నింపుతుంది. దాని మీద పన్ను లేదు. గ్యారంటీ భాగంలో ఒక్క పౌండు వచ్చినా అద్దె సాయానికి ఆదాయం లెక్కే అడగరు, అర్హమైన అద్దె మొత్తం ఇస్తారు.

ఇండియా నుంచి వచ్చే టీచర్ పెన్షన్, బ్యాంకు పెన్షన్ ఏదైనా ఆదాయమే, రాయాలి. పౌండ్లలోకి మార్చడానికి బ్యాంకు తీసుకునే చార్జీలను ఆదాయంలోంచి మినహాయించాలి. ఇది కౌన్సిల్ వాళ్లలో కూడా చాలామందికి గుర్తుండదు. పెన్షన్ ఆర్డర్ కాగితం, డబ్బు పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు, చార్జీలు కనిపించే పేజీ జత చేయండి.

ఊళ్లో పొలం, హైదరాబాద్‌లో ఫ్లాట్, అన్నదమ్ములతో ఉమ్మడి ఇల్లు, ఇవీ పొదుపు కిందే వస్తాయి. అక్కడి మార్కెట్ ధర చూసి, అమ్మడానికి ఖర్చవుతుందని 10 శాతం తీసి, దాని మీద అప్పుంటే అదీ తీసి లెక్క కడతారు. ఉమ్మడి ఆస్తయితే మీ వాటా ఒక్కటే కొనడానికి ఎవరైనా వస్తే ఎంతిస్తారో అదే విలువ. పంపకాలు కాని ఇంట్లో వాటాకు ఆ విలువ తక్కువే ఉండొచ్చు. ఈ విషయం దాచమని ఎవరు చెప్పినా వినకండి. తర్వాత బయటపడితే ఇచ్చినదంతా వెనక్కి కట్టాలి, కేసు కూడా కావచ్చు. ఆ వయసులో ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

అటెండెన్స్ అలవెన్స్ ఒక్కటి లెక్కంతా మార్చేస్తుంది

పిన్ని దగ్గరికి మళ్లీ వద్దాం. ఆమెకు కీళ్లనొప్పులు, స్నానానికీ బట్టలు వేసుకోవడానికీ పగటిపూట సాయం కావాలి. అలా ఆరు నెలలుగా అవసరం ఉన్నవాళ్లకు అటెండెన్స్ అలవెన్స్ ఉంది. తక్కువ రేటు వారానికి 73.90, ఎక్కువ రేటు 110.40. ఆదాయంతో, పొదుపుతో సంబంధం లేదు. పన్ను లేదు. అద్దె సాయం లెక్కలో దాన్ని ఆదాయంగా చూడరు.

అసలు విషయం ఇంకా ఉంది. ఆమె ఒక్కరే ఉంటారు, ఆమెను చూసుకుంటున్నానని ఎవరూ కేరర్స్ అలవెన్స్ (చూసుకునేవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే డబ్బు) తీసుకోవడం లేదు. అలాంటప్పుడు ఆమె అప్లికబుల్ అమౌంట్‌కు తీవ్ర వైకల్యం కింద 82.90 కలుస్తుంది. 227.10 కాస్తా 310 అవుతుంది. ఆమె చేతికొచ్చే ఆదాయం 296.55, అంటే హద్దు లోపే. అద్దె 150కి 150 వస్తుంది. పైగా పెన్షన్ క్రెడిట్ కూడా 13.45 వస్తుంది. అలవెన్స్ 73.90, అద్దె సాయంలో పెరిగిన 45.14, ఈ 13.45 కలిపితే వారానికి 132.49 పౌండ్ల తేడా. ఇదంతా ఆదాయపు పన్ను కడుతున్న మనిషికే.

"నేను అంత ముసలిదాన్ని కాలేదు" అని ఫారం పక్కన పెట్టేసే అమ్మలకు ఇది ఎలా నచ్చజెప్పాలా అని నేను ఎప్పుడూ ఆలోచిస్తుంటాను. ఫారంలో మంచి రోజు సంగతి రాయకండి. చెయ్యి లేవని రోజు ఎలా గడుస్తుందో రాయండి.

ఒక జాగ్రత్త. కూతురు కేరర్స్ అలవెన్స్‌కు అప్లై చేసి డబ్బు తీసుకుంటే తల్లికి ఆ 82.90 పోతుంది. ఇంటిల్లిపాదీ కలిసి ఏది మేలో ముందే లెక్క చూసుకోండి. అలాగే పెద్దవాళ్ల పేరు మీద అద్దె ఇల్లు ఉండి, సంపాదించే కొడుకు వాళ్లతో ఉంటే, అతని జీతాన్ని బట్టి సాయంలో కోత పడుతుంది. తల్లికో తండ్రికో అటెండెన్స్ అలవెన్స్ ఉంటే ఆ కోత ఉండదు.

అప్లికేషన్, ఆ తర్వాత

హౌసింగ్ బెనిఫిట్ మీ కౌన్సిల్ దగ్గర అడగాలి, పెన్షన్ క్రెడిట్ బ్రిటన్ కేంద్ర ప్రభుత్వ పెన్షన్ విభాగం దగ్గర. రెండూ ఒకే రోజు మొదలుపెట్టండి. పెన్షన్ వయసువాళ్లకు అర్హత అప్పటికే ఉంటే రెండింటికీ మూడు నెలలు వెనక్కి డబ్బు వస్తుంది, అంతకు మించి వెనక్కి పోరు. కౌన్సిల్ టాక్స్ తగ్గింపుకు చాలా చోట్ల వేరే ఫారం ఉంటుంది, అది కూడా అడిగి తీసుకోండి. ఫారం ఒక్కరే నింపలేకపోతే సిటిజన్స్ అడ్వైస్, ఏజ్ యూకే వాళ్లు ఉచితంగా సాయం చేస్తారు. తెలుగు మాట్లాడే దుబాసీ కావాలంటే అడగడానికి మొహమాటపడకండి.

డబ్బు రావడం మొదలయ్యాక ఏప్రిల్ నెల మీద కన్నేసి ఉంచండి. కంపెనీ పెన్షన్ పెరిగినా, ట్యాక్స్ కోడ్ మారినా, ఫండ్‌లోంచి డబ్బు తీసినా, పిల్లలెవరైనా వచ్చి ఉన్నా నెలలోపు కౌన్సిల్‌కు చెప్పాలి. చెప్పకపోతే ఎక్కువ ఇచ్చినదాన్ని తర్వాత వచ్చే సాయంలోంచి వారం వారం కోసుకుంటారు. ఫోన్‌లో చెప్పినా సరే, ఒక ఈమెయిల్ కూడా పంపి దాచుకోండి.

నిర్ణయం ఉత్తరం వచ్చినప్పుడు చాలామంది చివరి అంకె చూసి పక్కన పెట్టేస్తారు. వెనక పేజీల్లో లెక్క ఉంటుంది. అందులో పెన్షన్ గడిలో ఉన్నది పన్ను పోయాక మిగిలినదా కాదా, నెల పెన్షన్‌ను 52 వారాల లెక్కన మార్చారా, అప్లికబుల్ అమౌంట్‌లో మీకు రావాల్సిన అదనపు మొత్తాలు ఉన్నాయా, ఈ మూడూ పెన్నుతో టిక్ పెట్టుకుంటూ చూడండి. ఒక్కటి తేడాగా ఉన్నా ఉత్తరం మీద ఉన్న తేదీ నుంచి నెలలోపు, లెక్కను మళ్లీ చూడమని గానీ ట్రిబ్యునల్‌కు అప్పీలు చేస్తున్నామని గానీ కౌన్సిల్‌కు రాయాలి. ఆ ఉత్తరానికి పెన్షన్ స్లిప్పు, ట్యాక్స్ కోడ్ నోటీసు కాపీలు జత చేసి, పంపిన తేదీ మీ డైరీలో రాసుకోండి.